పురాణ పఠనము – గజేంద్రుని పూర్వకథ

పురాణమనగా పాతకథ యని మాత్రమే తలచుట పరిపాటి. యాస్కమహర్షి నిరుక్తములో ఆ పదమునకు, పూర్వము పుట్టినదయ్యు నూతనమగునది యను అర్థము చెప్పియున్నాడు. ఆ నూతనత్వము వినువారి జీవితములో కలుగవలెను. అందులకై కథను ముక్కలు చేయక మొదలును, తుదియును చూచి చదువవలెను.

గజేంద్రమోక్షమునే తీసికొందము. తెలుగువారి యిండ్లలో ఈ కథ విననివారు అరుదు. పోతనామాత్యుని పద్యములు కంఠస్థముగా గల పెద్దలు నేటికిని కలరు. అయినను పలువురకు ఈ కథ మొసలి పట్టుతో మొదలై చక్రాయుధముతో ముగియును. ఏనుగు మొరపెట్టినది, స్వామి వచ్చినాడు, అంతే.

వ్యాసభాగవతమున అష్టమస్కంధములో రెండవ అధ్యాయము మొదలు నాల్గవ అధ్యాయము వరకు ఈ ఉపాఖ్యానమున్నది. మూడవ అధ్యాయారంభమున శుకయోగి యొక మాట చెప్పెను: గజేంద్రుడు జపించిన స్తోత్రము పూర్వజన్మమున అభ్యసించినది. వేయేండ్లు పోరి బలము ఉడిగిన వేళ, ఎన్నడో నేర్చినదే అతనికి అక్కరకు వచ్చినది. అర్థము తెలియని పసివారికి స్తోత్రములు నేర్పుట యెందులకని అడుగువారు ఈ మాటను విచారింపవలెను.

మరి ఆ పూర్వజన్మ మెట్టిది? ఈ సంగతి నాల్గవ అధ్యాయములో గలదు. అతడు ఇంద్రద్యుమ్నుడను పాండ్యరాజు, విష్ణుభక్తుడు. మలయాచలమున మౌనవ్రతుడై హరిని అర్చించుచుండగా అగస్త్యుడు శిష్యులతో వచ్చెను. రాజు అతిథిపూజ చేయడాయెను, పలుకడాయెను. ఏనుగువలె జడబుద్ధివైతివి గనుక ఏనుగువే కమ్మని ముని శపించెను. శాపము తగిలినది పూజలో కూర్చున్న భక్తునికి! దర్శనపు వరుసలో తోడి యాత్రికుని త్రోసికొని ముందుకు పోవు మనకు ఈ భాగము అంతగా రుచింపకపోవుట వింత గాదు. అయినను చేసిన అర్చన వృథా పోలేదు. గజజన్మమునందును స్మృతి నిలుచుట దాని ప్రభావమే యని శుకుడు అక్కడనే చెప్పెను.

మొసలి దేవలుని శాపము పొందిన హూహువను గంధర్వుడు. చక్రము తగిలి అతడును తన లోకమునకు పోయెను.

పాలకడలి నడుమ పదివేల యోజనముల యెత్తుగల త్రికూటపర్వతము ఎచట నున్నదని కొందరు వాదింతురు. ఆ ప్రశ్నతో వారి పఠనము ఆగిపోవును. ఆ కొండ మన కెందులకో ఉపాఖ్యానము చివర శ్రీహరియే తెలిపెను. రాత్రి కడపట మేల్కొని తన్నును, గజేంద్రుని, ఆ సరస్సును, గిరిగుహలను, అడవిని, అచటి వెదురుపొదలను సైతము నిశ్చలమైన మనస్సుతో స్మరించువారు పాపవిముక్తులగుదురనెను.