పదవీ విరమణ చేసిన విమానానికి ఇల్లు వెతకడం – ఒక లెక్కల పాఠం

వాణిజ్యశాస్త్రం చదివే మా వీధి పిల్లలు తరుగుదల లెక్కలు చెప్పించుకోవడానికి నా దగ్గరకు వస్తుంటారు. బ్యాంకులో గుమాస్తాగా ఏళ్ళ తరబడి లెడ్జర్లు రాసినవాణ్ణి గనుక నాకూ అది ఇష్టమైన పనే. పుస్తకంలో ప్రతి లెక్కా ఒకే తీరుగా ఉంటుంది. యంత్రం కొన్న ధర, దాని ఆయుష్షు, చివర తుక్కు విలువ. తుక్కు విలువ వచ్చాక ఆ ఖాతా మూసేస్తాం. అయితే కొన్ని యంత్రాలను తుక్కుకు వేయడానికి ఎవరికీ మనసొప్పదు. వాటి సంగతేమిటని మొన్న ఒక విద్యార్థిని అడిగింది. మంచి ప్రశ్న. జవాబుకు కాంకార్డ్ విమానాలను ఉదాహరణగా తీసుకుంటున్నాను.

బ్రిటన్, ఫ్రాన్స్ దేశాలు కలిసి తయారుచేసిన ఈ ప్రయాణికుల విమానం ధ్వనికి రెండింతల వేగంతో ఎగిరేది. తయారైనవి మొత్తం 20. అందులో 14 ప్రయాణికుల సేవలో తిరిగాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు ఏడు, ఎయిర్ ఫ్రాన్స్‌కు ఏడు. సేవలు 1976 జనవరి 21న మొదలయ్యాయి. ఒక విమానాన్ని 1994లో విప్పేశారు. మరొకటి 2000 జులై 25న పారిస్ దగ్గర కూలి 113 మంది చనిపోయారు. ఆ తర్వాత ప్రయాణికులు తగ్గారు, నిర్వహణ ఖర్చు పెరిగింది. 2003 ఏప్రిల్ 10న రెండు సంస్థలూ కాంకార్డ్‌ను విరమిస్తున్నట్లు ప్రకటించాయి. ఇందుకుగాను 8.4 కోట్ల పౌండ్లను లెక్కల నుంచి కొట్టివేస్తున్నట్లు బ్రిటిష్ ఎయిర్‌వేస్ తెలిపింది.

అంటే ఖాతాలో విలువ పోయింది. కానీ సుమారు 62 మీటర్ల పొడవున్న వస్తువు నేల మీద నిలబడే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలి?

అడిగినవారు చాలామందే. గుడికి ఏనుగును దానం చేస్తామంటే వద్దనేవారు ఉండరు గదా. రోజూ మేత వేసేదెవరన్నది తర్వాతి మాట. అన్నిటికంటే ముందు, అది అక్కడికి చేరేదెలా?

రన్‌వే పక్కనే మ్యూజియం ఉంటే పని సులువు. విమానం తానే ఎగిరి వెళ్ళి దిగుతుంది, రవాణా పద్దు దాదాపు తప్పిపోతుంది. పారిస్ దగ్గరి లె బూర్జే, వాషింగ్టన్ దగ్గరి డల్లస్, అమెరికా పశ్చిమ తీరంలోని సియాటిల్ అలాంటివే. న్యూయార్క్‌లోని ఇంట్రెపిడ్ మ్యూజియం నది ఒడ్డున నిలిపిన పాత యుద్ధనౌక. అక్కడ కాంకార్డ్ దిగలేదు గనుక 2003 నవంబరులో కెన్నెడీ విమానాశ్రయంలో దించి, బార్జి మీద తీసుకెళ్ళారు. జర్మనీలోని జిన్స్‌హైమ్ మ్యూజియం వారు కూడా తమ విమానాన్ని రైన్ నది మీద బార్జిలో కొంత దూరం, ఆపైన రోడ్డు మీద తెచ్చుకున్నారు.

నాకు మరీ ఆసక్తి కలిగించింది స్కాట్లాండుకు వెళ్ళిన విమానం. 1976లో లండన్ నుంచి బహ్రెయిన్‌కు బ్రిటిష్ ఎయిర్‌వేస్ నడిపిన మొట్టమొదటి కాంకార్డ్ సర్వీసు అదే. 2000 ప్రమాదం తర్వాత ఇంధన ట్యాంకులకు కొత్త రక్షణ పొరలు వేయాల్సి వచ్చింది. ఈ విమానానికి ఆ పని చేయలేదు గనుక మళ్ళీ ఎగరలేకపోయింది. 2004 ఏప్రిల్‌లో రెక్కలూ తోకా వేరు చేసి, రోడ్డు మీద థేమ్స్ నది దాకా తెచ్చి, బార్జి మీదికి ఎక్కించారు. లండన్ నడిబొడ్డున పార్లమెంటు భవనం ముందు నుంచి సాగిన ఆ బార్జి సముద్రం మీదుగా స్కాట్లాండు తీరం చేరింది. అక్కడి నుంచి మళ్ళీ రోడ్డు మార్గాన ఈస్ట్ ఫార్చ్యూన్ మ్యూజియానికి తరలించి, తిరిగి అతికించారు. అలాగే ఎగరలేకపోయిన మరో విమానాన్ని ఎక్కడికీ పంపలేదు. అది హీత్రూ విమానాశ్రయంలోనే ఆరుబయట ఉండిపోయింది.

ఇక్కడ విద్యార్థులు ఒక తేడా గమనించాలి. తరలింపు, హ్యాంగరు కట్టడం వంటివి ఒక్కసారి పెట్టే ఖర్చులు. వాటిని మూలధన వ్యయం అంటాం. రంగు, శుభ్రత, కాపలా ఏటేటా వచ్చే రాబడి వ్యయం. చందాలు అడిగేవారు సాధారణంగా మొదటిదాని గురించే మాట్లాడతారు. రెండోదానికి చందా ఇచ్చేవారు తక్కువ. ఫలకం మీద పేరు పడదు కాబట్టి కాబోలు!

ఫిల్టన్ ఉదాహరణ చూడండి. బ్రిటన్ కాంకార్డులు తయారైన ఊరది. ఆఖరి కాంకార్డ్ ప్రయాణం 2003 నవంబరు 26న అక్కడే ముగిసింది. పుట్టింటికి చేరినట్టే గానీ నెత్తిన కప్పు లేదు. 2012లో ఆ రన్‌వే కూడా మూతపడింది. కొత్త మ్యూజియం కట్టి, విమానాన్ని లోపలికి చేర్చి, జనానికి తెరిచేసరికి 2017 వచ్చింది. మాంచెస్టర్‌లో మాత్రం 2009 నాటికే అద్దాల హ్యాంగరు సిద్ధమైంది.

న్యూయార్క్ విమానానికి ఇంకో కష్టం వచ్చింది. మ్యూజియం నౌకను మరమ్మతుకు పంపినప్పుడు దీన్ని బ్రూక్లిన్‌లో ఉంచారు. 2008లో అక్కడ ఒక లారీ తగిలి ముక్కు దెబ్బతింది. 2023 ఆగస్టులో పాత రంగు తీసి కొత్త రంగు వేయడానికి మళ్ళీ బార్జి ఎక్కించారు. 2024 మార్చిలో తిరిగి తెచ్చారు. ఎగరడం మానేసి ఇరవై ఏళ్ళయినా ఖర్చు ఆగలేదు.

ఇంకొక సంగతి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన కాంకార్డులపై యాజమాన్యం వదులుకోలేదు, ప్రదర్శనకు అప్పగించింది. అలాంటి వస్తువు మ్యూజియం ఆస్తి అవుతుందా, కాదా? రెండో సంవత్సరం విద్యార్థులు మీ అధ్యాపకులతో చర్చించండి.

ఇక అభ్యాసం. విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 విమానం ఉంది. అది ప్రయాణికులది కాదు, నౌకాదళపు గస్తీ విమానం. తమిళనాడులోని మనవారికి తెలిసిన అరక్కోణం స్థావరం నుంచే పనిచేసేది. 2017 మార్చి 29న విరమణ పొంది, విశాఖలోని ఐఎన్ఎస్ డేగాకు ఎగిరి వచ్చింది. అక్కడ విడదీసి, బీచ్ రోడ్డులో మళ్ళీ బిగించారు. ఆ డిసెంబరులో మ్యూజియంగా ప్రారంభమైంది. రెక్కల కొస నుంచి కొసకు 50 మీటర్లు. సెలవుల్లో మన బరంపురం నుంచి విశాఖ వెళ్ళే కుటుంబాలు పిల్లలను అక్కడికి తీసుకెళ్ళండి. పిల్లలు ఒక కాగితం మీద మూలధన వ్యయం ఒకవైపు, రాబడి వ్యయం మరోవైపు కనిపించినంత మేరకు పద్దులు రాయాలి. ఎదురుగా సముద్రం, పొద్దస్తమానం ఉప్పుగాలి. రంగు ఎన్నాళ్ళకొకసారి వేస్తారో అక్కడి సిబ్బందిని మర్యాదగా అడిగి, ఆ పద్దు కూడా రాసుకుని రండి.