విమాన వీక్షణ యాత్ర

ఆదోని కోటకొండ మీద నిలిచి తలెత్తి చూచినా, ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో నిలిచి చూచినా ఆకాశంలో విమానాలు కనిపించకపోవు. కాని అవి బహుదూరాన, తెల్లని గీతలు గీచుకుంటూ సాగిపోయే ప్రయాణికుల విమానాలు. పడమటి కర్నూలు ప్రాంతంలో వైమానికదళ స్థావరమేదీ లేదు. 2021 మార్చిలో ఓర్వకల్లు వద్ద ప్రారంభమైన విమానాశ్రయం కూడా పౌర విమానాలకు ఉద్దేశించినదే. కాబట్టి యుద్ధవిమానాన్ని కళ్లారా చూడగోరే ఇక్కడి విద్యార్థికి ప్రయాణం తప్పదు. ఆ ప్రయాణం ఎక్కడికి, ఎప్పుడు, ఎవరి అనుమతితో అనే ప్రశ్నలకు ముందుగా సమాధానం వెదకుకోవాలి. తక్కిన వేడుకలకు ఇంత జాగ్రత్త అక్కరలేదు. దీనికి మాత్రం ఉంది.

విమానాలను చూచి గుర్తించడం ఒకప్పుడు వినోదం కాదు, విధి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ తీరంలోని రాడార్లు సముద్రం వైపు మాత్రమే చూచేవి. శత్రువిమానం తీరం దాటి లోపలికి వచ్చిన తరువాత దానిని కనిపెట్టే భారం సామాన్య ప్రజల మీద పడింది. దుకాణదారులు, ఉపాధ్యాయులు, రైతులు పరిశీలక దళంలో చేరి దూరదర్శినులు చేతబట్టి, విమానం రకం, ఎత్తు, దిశ కనుగొని ఫోనులో తెలిపేవారు. 1941లో ఆ దళానికి ‘రాయల్’ అనే గౌరవ బిరుదు లభించింది. యుద్ధం ముగిసినా ఆ అలవాటు పోలేదు. విమానాల సంఖ్యలను పుస్తకంలో వ్రాసుకొనే అభిరుచి దేశదేశాలకు వ్యాపించింది.

అయితే ఒక దేశంలో సేవ అనిపించుకొన్న పని మరొక దేశంలో నేరమైంది. 2001 నవంబరులో గ్రీసు దేశంలోని కలమాటా వైమానిక స్థావరం వద్ద 14 మంది విమాన వీక్షకులు అరెస్టయ్యారు. వారిలో 12 మంది బ్రిటిషువారు, ఇద్దరు డచ్చివారు. విమానాల సంఖ్యలు వ్రాసుకోవడం సరదా కోసమని వారు ఎంత మొరపెట్టుకొన్నా అక్కడి అధికారులకు అది విడ్డూరంగా తోచింది. సరదా కోసం అంకెలు వ్రాసుకొనేవారు లోకంలో ఉంటారా అన్నది వారి సందేహం. వారాల తరబడి చెరలో ఉండి, డిసెంబరులో జామీనుపై విడుదలై, 2002 ఏప్రిల్‌లో వారు దోషులుగా తీర్పు పొందారు. కొందరికి గూఢచర్యం క్రింద మూడేళ్ల శిక్ష పడింది. అదే సంవత్సరం నవంబరులో పై న్యాయస్థానం అందరినీ నిర్దోషులుగా ప్రకటించింది. నిర్దోషులే; కాని ఒక సంవత్సరం గడిచిపోయింది.

మన దేశంలో 1923 నాటి అధికార రహస్యాల చట్టం నేటికీ అమలులో ఉంది. వైమానిక స్థావరాలు దాని ప్రకారం నిషిద్ధ ప్రదేశాలు. దేశభద్రతకు భంగకరమైన ఉద్దేశంతో అటువంటి చోటును సమీపించడం, దాని పరిసరాల్లో ఉండడం, చిత్రం గీయడం నేరాలు. సైనిక స్థావరాలకు సంబంధించిన నేరమైతే 14 సంవత్సరాల వరకు శిక్ష విధించవచ్చు. ‘నాకు అటువంటి ఉద్దేశం లేదు’ అని విద్యార్థి అనవచ్చు. కాని నిందితుడు చేసిన ప్రత్యేకమైన పని ఏదీ రుజువు కాకపోయినా, పరిస్థితులను బట్టి, నడతను బట్టి ఉద్దేశాన్ని నిర్ణయించే వీలు ఆ చట్టంలో ఉంది. కంచె ప్రక్క చెట్టుచాటున కెమెరాతో, అంకెలు నిండిన పుస్తకంతో నిలిచిన యువకుని నడత కాపలా సైనికునికి ఎలా కనబడుతుందో ఊహించడం కష్టం కాదు. హైదరాబాదు సమీపంలోని దుండిగల్, హకీంపేట స్థావరాల గోడల వెంట తిరుగుదామనే ఆలోచనను ఈ కారణం వల్లనే మొదటనే విడిచిపెట్టాలి.

మరి మార్గమేది? వైమానిక స్థావరమే తలుపులు తెరిచి ఆహ్వానించే రోజులున్నాయి. బెంగుళూరు నగరానికి ఉత్తరాన యలహంక స్థావరంలో 1996లో ‘ఏరో ఇండియా’ ప్రదర్శన ఆరంభమైంది. 1998లోను, 2001లోను జరిగి, అటుపై బేసి సంవత్సరాల్లో జరుగుతూ వచ్చింది. 2025 ఫిబ్రవరి 10 నుండి 14 వరకు జరిగిన 15వ ప్రదర్శనలో రష్యా వారి సుఖోయ్-57, అమెరికా వారి ఎఫ్-35 ఒకేచోట దర్శనమిచ్చాయి. అందులో చివరి రెండు రోజులు సాధారణ ప్రజలకు కేటాయించారు. ప్రవేశపత్రం ముందుగానే ఇంటర్నెట్‌లో కొనుక్కోవాలి. ఆ ఏడాది ప్రకటించిన నిబంధనలను ఓపికగా చదవాలి. డ్రోను తీసుకుపోవాలన్న ఆలోచనే కూడదు.

ప్రయాణం ఆదోనివారికి సులభం. ముంబయి–చెన్నై రైలుమార్గం మీద ఉన్న ఆ పట్టణం నుండి గుంతకల్లు, అనంతపురం, ధర్మవరం, హిందూపురం మీదుగా బెంగుళూరు చేరవచ్చు. ఆ దారి నగరంలో ప్రవేశించక ముందే యలహంక వస్తుంది. ఏ బండి అక్కడ ఆగుతుందో ముందే విచారించుకొంటే నగరం దాకా పోయి వెనుకకు రావలసిన శ్రమ తప్పుతుంది. రైలు సౌకర్యం లేని ఎమ్మిగనూరు విద్యార్థులు సుమారు 30 కిలోమీటర్లు బస్సులో ఆదోనికి వచ్చి బండి ఎక్కాలి. సొంత కార్లలో పోదామనేవారు ఒక సంగతి గమనించాలి. 2019 ఫిబ్రవరి 23న ప్రదర్శన సమీపాన వాహనాలు నిలిపిన మైదానంలో మంటలు లేచి దాదాపు 300 కార్లు దగ్ధమయ్యాయి.

మైదానంలో చెవిని నమ్మరాదు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పయనిస్తుంది. మూడు కిలోమీటర్ల దూరంలో విమానం చేసిన మోత మనలను చేరడానికి తొమ్మిది సెకన్లు పడుతుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం ఆలోగా రెండు కిలోమీటర్లకు పైగా ముందుకు సాగిపోతుంది. కనుక మోత వినిపించిన చోటును విడిచి, విమానం పోయే దిశలో ముందుకు చూడాలి.

ఇక గుర్తించడం కన్నుకు సంబంధించిన విద్య. ఆదోని పత్తి మార్కెట్‌లో ఆరితేరినవారు దూదిని రెండు వ్రేళ్ల నడుమ లాగి పింజ పొడవు చెప్పగలరు. విమానం విషయంలోనూ అటువంటి గుర్తులే ఉంటాయి. త్రికోణాకారపు రెక్క ఉండి, తోక వద్ద అడ్డురెక్కలు లేకుంటే అది తేజస్ కావచ్చు. రెండు నిలువు తోకలు, ముందుభాగాన చిన్న రెక్కలు ఉంటే సుఖోయ్-30. రెక్కల పైన ఇంజన్లు మోస్తూ బరువుగా పోయేది ఏఎన్-32 రవాణా విమానం.

ఈ వేడుకకు చెల్లించిన మూల్యమూ ఉంది. 2019 ఫిబ్రవరి 19న, ప్రదర్శన ఆరంభానికి ముందురోజు, అభ్యాసంలో ఉన్న రెండు సూర్యకిరణ్ విమానాలు ఢీకొని వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ మరణించారు. అంత వేగంలో పక్షి తగిలినా ప్రమాదమే. అందుకే 2025లో యలహంక స్థావరం చుట్టూ 13 కిలోమీటర్ల మేర మాంసం అమ్మకాన్ని కొన్ని వారాలపాటు నిషేధించారు. మాంసపు వ్యర్థాలకు గ్రద్దలు మూగుతాయి కదా! ఆ రోజుల్లో యలహంకలో బిర్యానీ దొరకలేదని సణుగుకొన్నవారు ఉంటే ఉండవచ్చు. భోజనం పొట్లం కట్టుకొని పోయినవారు ఆ కాగితాలను, మెతుకులను మైదానంలో పారవేయక సంచిలో వేసుకొని తిరిగి తీసుకురావాలి.

ప్రదర్శన ముగిసిన వేళ వేలాదిమంది ఒక్కసారిగా బయలుదేరుతారు, రోడ్లు కదలవు. అందుచేత సాయంకాలపు బండిని నమ్ముకొనక రాత్రి బండికి చీటీ తీసుకోవడం మేలు. ఎమ్మిగనూరువారు ఆదోనిలో దిగి తెల్లవారి మొదటి బస్సు అందుకోవచ్చు.