ఈక తూకపు ముష్టియోధుడు

గడచిన సంవత్సరము తలిదండ్రుల సమావేశము ముగిసిన పిదప, కుప్పమునుండి వచ్చిన యొక తల్లి మా తరగతి గది ద్వారముకడ నిలిచి యిట్లడిగెను: “అయ్యవారూ, మావాడు బాక్సింగు నేర్చుకుంటానంటాడు. కొట్టుకోవడం కూడా ఒక చదువేనా?” ఆ ప్రశ్నకు మేమప్పుడు తగిన యుత్తర మీయలేకపోతిమి. వ్యాయామము మంచిదే గదా యని యేదో చెప్పి పంపితిమి. కాని యామె యడిగినది వ్యాయామమునుగూర్చి కాదు. తన కుమారుడు పోదలచిన మార్గమెట్టిదని. ఆ మార్గమున నడచిన వారి చరిత్రలను పిమ్మట మేము శ్రద్ధతో చదివితిమి. ఆ తల్లికి మేము బాకీపడిన యుత్తరమే యీ వ్యాసము.

ముష్టియుద్ధమనగా పిడికిళ్లతో చేయు పోరు. పూర్వము ఇంగ్లండు దేశమున దీనిని వట్టి చేతులతో, ఒకడు పడి లేవలేకపోవువరకు సాగించెడివారు. 1867 లో క్వీన్స్‌బరీ ప్రభువు పేరిట ప్రకటింపబడిన నియమములచే ఈ క్రీడ రూపము మారెను. చేతులకు తొడుగులు ధరింపవలెను. ఒక్కొక్క రౌండు మూడు నిమిషములు. నడుమ నొక నిమిషము విశ్రాంతి. క్రింద పడినవానికి లేచుటకు పది సెకండ్ల గడువు. పట్టుకొని పడద్రోయరాదు. వీథిలో కోపముతో కొట్టుకొనుటకును ఈ క్రీడకును గల భేదము ఇట్టి కట్టుబాట్లలోనే యున్నది.

వీనికి తోడు తూకపు నియమ మొకటి కలదు. తిరునాళ్లలో బండలాగుడు పందెములను మీరు చూచియుందురు. అందు పాలపండ్ల గిత్తలను ఆరుపండ్ల గిత్తలతో పోటీకి నిలుపరు; పండ్లనెంచి, ఈడైన జోడులనే యొక వర్గముగా నేర్పరతురు. ముష్టియుద్ధమున పండ్లకు బదులు శరీరపు బరువు నెంచుదురు. మన పుంగనూరు ఆవు మూడడుగుల యెత్తుదే యైనను, ఒంగోలు ఆవుప్రక్క నిలిపి దానిని తక్కువ చేయువారు మన సీమలో లేరు. దాని మేలు దాని జాతిలోనే చూతురు. అట్లే చిన్న దేహము గలవాడు తన వర్గమున అగ్రగణ్యుడు కావచ్చును.

ఆ వర్గములలో నొకటి ‘ఫెదర్‌వెయిట్’, అనగా ఈక తూకము. ధనము గైకొని పోరాడు వృత్తియోధులలో దీని హద్దు 126 పౌండ్లు, అనగా 57 కిలోలకు ఇంచుక పైన. అమెచ్యూరు పురుషులకు 2024 పారిస్ ఒలింపిక్స్‌లో హద్దు సరిగా 57 కిలోలుగా నుండెను. వృత్తియోధుల ప్రపంచ బిరుదు పోటీ పండ్రెండు రౌండ్లు సాగును. అమెచ్యూరు పోటీ మూడు రౌండ్లతో ముగియును. వృత్తియోధుడు సాధారణముగా పోటీకి ముందుదినమున తూగును. అమెచ్యూరు యోధుడు తాను పోరాడు ప్రతిదినమున ఉదయమే త్రాసు నెక్కవలెను. ఈక తూకపు యోధునికి ఒక గిన్నె యన్నము, ఒక చెంబు నీరు సైతము లెక్కలోనివే. కనుక ప్రత్యర్థిని చూడకముందే యతడు తన యాకలితో పోరాడును.

వృత్తియోధుని జీవితమెట్టిదో తెలియుటకు అమెరికా దేశీయుడైన విల్లీ పెప్ చరిత్ర చాలును. ఇతడు 1942 లో ఇరువది యేండ్ల ప్రాయమున ఈక తూకపు ప్రపంచ బిరుదు గెలిచెను. మొదటినుండి వరుసగా 62 పోటీలలో నెగ్గి, 1943 లో తనకంటె బరువు వర్గమునకు చెందిన సామీ యాంగట్ చేతిలో తొలిసారి యోడెను. దెబ్బ కొట్టుటకంటె దెబ్బ తప్పించుకొనుటయందే యితడు ప్రసిద్ధుడు. 1947 జనవరిలో విమాన ప్రమాదమున తీవ్రముగా గాయపడియు, ఆరు నెలలు నిండకమునుపే మరల బరిలో దిగెను. 1948 లో శాండీ శాడ్లరుచే ఓడి, 1949 లో నతనినే యోడించి బిరుదును మరల పొందెను. 1950 లో వారిద్దరు మరల తలపడినప్పుడు, భుజము తొలగుటచే పెప్ పోరు మానుకొనవలసి వచ్చెను. మొత్తము 241 పోటీలలో 229 గెలిచెను. ఇంతవరకు చదివిన బాలుడు ఆహా యనును. కాని కథ అంతటితో ముగియలేదు. కడపటి యేండ్లలో జ్ఞాపకశక్తి నశించి, 2006 లో 84వ యేట అతడు మృతినొందెను. తలకు తగులు దెబ్బలు యోధుల మెదడును చెరచునని మార్ట్‌లాండ్ అను అమెరికా వైద్యుడు 1928 లోనే ప్రకటించియుండెను. ఈ సంగతి దాచి, గెలుపుల సంఖ్యను మాత్రమే పిల్లలకు చెప్పుట న్యాయము కాదు.

దూరదేశపు కథ మనకేలయని మీరనవచ్చును. తెలుగునాటనే యీ తూకపు యోధుడొకడు కలడు. మదనపల్లెకు ఉత్తరముగా, కృష్ణానదిని దాటి పోగా పోగా, గోదావరి సమీపమున నిజామాబాదు పట్టణమున్నది. అచట 1994 లో మహమ్మద్ హుస్సాముద్దీన్ జన్మించెను. తండ్రి ఆ పట్టణమున ముష్టియుద్ధ శిక్షకుడు. కుమారునికిని ఆయనయే గురువు. ఆ యూరి బాలిక నిఖత్ జరీన్‌కు సైతము ఆయన శిక్షణ నిచ్చెను. ఆమె 2022 లో ఇస్తాంబుల్ నగరమునను, 2023 లో న్యూఢిల్లీయందును ప్రపంచ విజేత యయ్యెను. ఒక చిన్న పట్టణమున ఒక గురువు పట్టుదలతో చేసిన పని యెంత దూరము పోగలదో ఉపాధ్యాయులమైన మేము గమనింపవలసియున్నది.

హుస్సాముద్దీన్ సైన్యమున చేరి, అమెచ్యూరు బరిలో పేరు గడించెను. 2018 లో గోల్డ్ కోస్టు కామన్‌వెల్తు క్రీడలలో 56 కిలోల వర్గమున కాంస్య పతకము, 2022 లో బర్మింగ్‌హామున 57 కిలోల వర్గమున మరియొక కాంస్యము. రెండు పర్యాయములును సెమీఫైనలులోనే ఓడెను. 2023 మే నెలలో తాష్కెంటున ప్రపంచ పోటీలు జరిగెను. క్వార్టరుఫైనలులో బల్గేరియా యోధుని అత్యల్ప భేదముతో, 4-3 గా, గెలిచెను. మూడవసారి సెమీఫైనలు ముంగిట నిలిచిన యాతనికి మోకాలు గాయపడెను. క్యూబా దేశీయుడైన సైడెల్ ఒర్తాతో పోరాడవలసిన దినమున ఆయన బరిలో దిగలేదు.

ముష్టియుద్ధమున సెమీఫైనలులో ఓడిన యిద్దరికిని కాంస్యమిత్తురు గనుక, పతకము దక్కెను. ఆ పోటీలలో దీపక్ భోరియా, నిశాంత్ దేవ్‌లకును కాంస్యములు లభించెను. పురుషుల ప్రపంచ పోటీలలో ఒక్కసారిగా మూడు పతకములు భారతదేశమునకు వచ్చుట అదియే ప్రథమము. ఆయినను, ఫైనలు తలుపుకడ నిలిచి వెనుకకు తిరుగుట యెంత కష్టమో మీరే యోచింపుడు. పిదప 2024 జనవరిలో ఆయనకు అర్జున పురస్కార మీయబడెను. ఆ మార్చిలో ఇటలీయందు జరిగిన ఒలింపిక్ అర్హత పోటీలలో మరల దిగి, మొదటి పోటీలోనే ఓడెను. పారిస్ ఒలింపిక్స్‌లో 57 కిలోల పురుషుల వర్గమున భారతీయుడెవడును లేకపోయెను. ఓర్పు వహించినవానికి తప్పక జయము కలుగునని మేము మీకు చెప్పజాలము. ఆగవలసినచోట ఆగుట జయము కొరకు కాదు. నడచుటకు కాలు మిగులవలెను గనుక.

ఇది చదువునప్పుడు మాకొక పాత సంగతి జ్ఞప్తికి వచ్చి సిగ్గు కలిగినది. కొన్ని సంవత్సరముల క్రిందట పాఠశాలల కబడ్డీ పోటీకి మా బాలురను పుంగనూరునకు తోడ్కొని పోతిమి. ఒక బాలుడు మొదటి యాటలోనే కాలు మడతపడి కుంటుచుండెను. “ఏమిరా, నొప్పియా?” యని యడిగితిమి. “లేదు సార్” అనెను. వాని ముఖము చూచినచో నిజము తెలిసియుండెడిది. మేము చూడలేదు. “శభాష్, ఆడు” మంటిమి. ఆ సాయంకాలము మేమే గెలిచితిమి. బస్సులో పాటలు పాడుకొనుచు మదనపల్లె చేరితిమి. ఆ బాలుడు తక్కిన సంవత్సరమంతయు ఆటస్థలపు గట్టున కూర్చుండి యితరులను చూచుచుండెను. వాడు మమ్ము నిందింపలేదు. అదియే మాకు మరింత బాధ. వాని చేత “లేదు సార్” అనిపించినది మా యుత్సాహమే.

కావున కుప్పముతల్లికి మేమిచ్చు ఉత్తరమిది. అమ్మా, అదియు నొక చదువే. కాని గురువు మంచివాడైననే. నీ కుమారుని తూకము తగ్గించుటకు పస్తులుంచు గురువుకడ విడువకుము. తలకు దెబ్బ తగిలి కన్నులు తిరిగిన దినమున “ఇంటికి పో, వైద్యునికి చూపుకొనుము” అను గురువును వెదకుము. అట్టి వాడు దొరకినచో పంపుము. దొరకనిచో, పరుగు, కబడ్డీ, వాలీబాలు ఇచటనే యున్నవి.

విద్యార్థులారా, మీకొక మాట. ఇకమీదట ఏ యాటలోనైనను మీకు నొప్పి కలిగినప్పుడు మాతో చెప్పుడు. చెప్పినవానిని పిరికివాడని మేమనము; అనిన వానిని మా తరగతిలో ఊరకుండనీయము.