కోబాల్ట్ వైద్యం: రోగి ఇంటివారికి, దాతలకు కొన్ని సంగతులు

సంఘం సాయంతో క్యాన్సర్ వైద్యం చేయించుకుని వచ్చినవారిని పలకరించడానికి వెళ్లినప్పుడు కొన్ని ఇళ్లలో ఒక దృశ్యం మమ్మల్ని బాధపెడుతుంది. తల్లి కంచం, గ్లాసు వేరుగా ఉంటాయి. మనుమలను ఆమె దగ్గరికి పోనివ్వరు. "అమ్మీకి కరెంటు పెట్టారు కదా, పిల్లలకు ఏమైనా అవుతుందేమో" అంటారు. ఆమె మీద ప్రేమ లేక కాదు, విడమరిచి చెప్పినవారు లేక. అందుకే ఈ సంచికలో ఈ విషయం రాస్తున్నాము.

జనం "కరెంటు" అనేది రేడియేషన్ చికిత్సను. కోబాల్ట్ యంత్రంలో కోబాల్ట్-60 అనే లోహం ఉంటుంది. మామూలు కోబాల్ట్‌ను అణు రియాక్టర్‌లో ఉంచితే న్యూట్రాన్లను గ్రహించి ఇలా మారుతుంది. దాని నుండి గామా కిరణాలు ఏ విద్యుత్తూ లేకుండానే రాత్రింబవళ్లు వస్తుంటాయి. అందుకే దాన్ని మందమైన లోహ కవచంలో ఉంచి, రోగి బల్ల మీద పడుకున్నాకే కిరణాలకు దారి తెరుస్తారు. ఈ వైద్యం 1951లో కెనడాలో మొదలైంది. నేడు పెద్ద ఆసుపత్రులలో కనిపించే లీనియర్ యాక్సిలరేటర్‌లో అణు పదార్థం ఉండదు. అది విద్యుత్తుతో ఎక్స్-కిరణాలను పుట్టిస్తుంది. జనం పెట్టిన పేరు నిజానికి దానికే సరిపోతుంది!

కిరణాలు కణితిలోని కణాల డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తాయి. పక్కనున్న మంచి కణాలకూ దెబ్బ తగులుతుంది గాని, అవి చాలావరకు కోలుకుంటాయి. ఆ వ్యవధి ఇవ్వడానికే మోతాదును వారాల తరబడి కొద్దికొద్దిగా ఇస్తారు. దారి మూయగానే కిరణాలు ఆగిపోతాయి. టార్చిలైటు ఆర్పేశాక ముఖం మీద వెలుతురు మిగులుతుందా? ఆ తల్లి ఒంట్లోనూ అంతే, ఏమీ మిగలదు. మనుమడిని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు, అందరితో కలిసి భోజనం చేయవచ్చు.

థైరాయిడ్ క్యాన్సర్‌కు ఇచ్చే అయోడిన్-131 సంగతి వేరు. దాన్ని మింగిస్తారు, కనుక కొన్నాళ్లు ఒంట్లోనే ఉండి కిరణాలు వెదజల్లుతుంది. దాని శక్తి 8 రోజులకు సగమవుతుంది. ఆ రోగులు డాక్టరు చెప్పినన్నాళ్లు పిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాల్సిందే. ఈ రెండింటినీ ఒకటిగా కలిపేయడం వల్లే అనవసర భయం పుడుతున్నది.

ఇదే కోబాల్ట్ మరోచోట కూడా పనిచేస్తున్నది. ముంబయి ట్రాంబేలోని ఐసోమెడ్ కేంద్రంలో 1974 నుండి సిరంజిలు, శస్త్రచికిత్స గ్లౌజుల వంటివాటిని ప్యాకెట్ విప్పకుండానే గామా కిరణాలతో శుద్ధి చేస్తున్నారు. నాసిక్ దగ్గరి లాసల్‌గావ్‌లో ఉల్లిగడ్డలు మొలకెత్తకుండా చేయడానికి ఒక కేంద్రం పెట్టారు. 2007లో మన మామిడిపండ్లు అమెరికా వెళ్లింది అక్కడ కిరణాలు చూపించాకే. ఆ సిరంజిలోగాని, ఆ పండులోగాని రేడియేషన్ మిగలదు. పైన చెప్పిన టార్చిలైటు కథే.

ఇక దాతలకు. "ఒక యంత్రం కొనిస్తే సరిపోతుంది కదా" అని మమ్మల్ని అడుగుతుంటారు. భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన భాభాట్రాన్ వంటి కోబాల్ట్ యంత్రాలు విద్యుత్తు సరిగా లేని ఊళ్లలోనూ పనిచేస్తాయి, నిర్వహణ తేలిక. కాని కోబాల్ట్-60 బలం నెలకు సుమారు 1 శాతం తగ్గుతూ, 5 సంవత్సరాల 3 నెలలకు సగమవుతుంది. కొత్తలో 2 నిమిషాలు పట్టిన చికిత్సకు అప్పుడు 4 నిమిషాలు కావాలి. రోగి అంతసేపు కదలకుండా పడుకోవాలి, బయట వరుస పెరుగుతుంది. కోబాల్ట్ మార్చే డబ్బు లేకపోతే, శిలాఫలకం మీద దాత పేరు మెరుస్తూనే ఉంటుంది, యంత్రం మాత్రం నీరసిస్తుంది.

తీసేసిన పాత కోబాల్ట్‌కూ లెక్క ఉండాలి. 2010లో ఢిల్లీ మాయాపురిలో, ఒక విశ్వవిద్యాలయం అమ్మేసిన పాత పరికరాన్ని తుక్కు దుకాణంలో విప్పగా, అందులోని కోబాల్ట్-60 సోకి ఒక కార్మికుడు మరణించాడు, మరికొందరు తీవ్రంగా జబ్బుపడ్డారు. బలం తగ్గిందంటే ప్రమాదం పోయిందని కాదు. కాబట్టి యంత్రానికి విరాళం అడిగినవారిని మేము ముందుగా మూడు మాటలు అడగాలనుకుంటున్నాము: ఇప్పుడున్న కోబాల్ట్ ఏ తేదీన నింపారు, మళ్లీ నింపడానికి డబ్బు ఎక్కడిది, పాతదాన్ని వెనక్కి తీసుకుంటామని ఎవరు రాసిచ్చారు.