ఆటవిక వీరుని కథలు: చదువదగిన విధము

కథలో ఖడ్గమును, మంత్రదండమును కానవచ్చినచో బాలురు పుస్తకమును విడువజాలరు. పెద్దలలో కొందఱు ఇట్టి కథలు కాలహరణమునకే యని తలంతురు. ఈ కథలను విమర్శబుద్ధితో చదివినయెడల వానినుండి గ్రహింపదగిన పాఠ మొకటి గలదని చూపుటకే ఈ వ్యాసము.

అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున రాబర్ట్ హోవర్డు (1906-1936) అను రచయిత యుండెను. నేలనూనె దొరకుటచే ఒక్కసారిగా పెరిగిన పట్టణముల నడుమ ఆయన బాల్యము గడచెను. ధనము వెంట మోసమును, దౌర్జన్యమును వచ్చుట ఆయన కన్నులార చూచెను. 1932 డిసెంబరులో ఆయన సృష్టించిన కోనన్ అను వీరుని మొదటి కథ వెలువడెను. కోనన్ సిమ్మేరియా యను కల్పితదేశమున బుట్టిన అనాగరికుడు. స్వబాహుబలముచే నాగరికమైన అక్విలోనియాకు రాజయ్యెను. రాత్రివేళ అతనిని చంపవచ్చిన వారెవ్వరు? ఆ నాగరిక రాజ్యపు ప్రభువులును, వారితో జేరిన యొక కవియును! అడవినుండి వచ్చినవాడు ఎదురుగా నిలిచి పోరాడగా, చదువుకొన్నవారు చీకటిలో కత్తులు దాచుకొని వచ్చిరి. ఇట్టి కథలకు 'ఖడ్గమంత్ర కథలు' అను అర్థమిచ్చు ఆంగ్లనామము 1961లో గాని యేర్పడలేదు.

తెలుగువారికి ఈ తీరు కథలు క్రొత్తవి కావు. బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ ప్రాణము సప్తసముద్రముల కావల నొక చిలుకలో దాగియుండును. మంత్రము నెదిరించునది మఱియొక మంత్రము గాక, తల్లిని విడిపింప బయలుదేరిన బాలవర్ధిరాజు ధైర్యమే. 1947 జూలైలో ఆరంభమైన 'చందమామ' పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యముగారు (1932-2010) ఇట్టి ధారావాహికలను పెక్కింటిని వ్రాసిరి. వానిలో 'శిథిలాలయము' అనుదానియందు శిఖిముఖి యను శబరయువకుడును, విక్రమకేసరి యను క్షత్రియయువకుడును మిత్రులై సాహసములకు బూనుదురు. అడవిబిడ్డడు ఇచ్చట సేవకుడు గాడు, సమానుడగు వీరుడు. ఇది గమనింపదగిన విశేషము.

ఇక 'అనాగరికుడు' అను మాటను విచారింతము. ప్రాచీన గ్రీకులకు పరభాష 'బర్ బర్' అని వినబడెనట. అందుచే ఆ భాష లాడువారిని 'బార్బరోయి' అనిరి. అనగా మనకు తెలియని మాట పలుకుటయే వాని మొదటి దోషము! అపొస్తలుల కార్యముల 28వ అధ్యాయమున, ఓడ బ్రద్దలై మెలితే ద్వీపము చేరిన పౌలునకును, తోడివారికిని, వర్షమున చలిమంట వేసి ఆదరించినవారిని మూలగ్రంథము ఈ పేరితోనే పిలుచుచున్నది. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయమున పౌలే, భాష తెలియనిచో ఇరువురును ఒకరికొకరు పరదేశులే యని చెప్పెను.

ఈ విచారము మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమునకు మిక్కిలి యవసరము. 1970వ దశాబ్దము మొదలు ఇచ్చట కర్మాగారములు పెరిగినవి. బీహారు, ఒడిశా మున్నగు రాష్ట్రములనుండి కూలిజనము వచ్చి చేరిరి. ఈ జిల్లాలోనే లంబాడీ తండాలు ననేకములు గలవు. తరగతిలో తెలుగు తడబడ పలుకు బాలుని జూచి నవ్వుట సులభము. కాని ఆ నవ్వు వానిని బడి మాన్పింపవచ్చును. అట్లు జరిగినయెడల కథలోని కుట్రదారులకును మనకును భేద మేమి?

ఇట్టి కథలలో దోషములును లేకపోలేదు. హోవర్డు రచనలలో జాతిగర్వము పలుచోట్ల కానవచ్చును, రక్తపాతము మితిమీరును. ఖడ్గము సమస్త వివాదములను తీర్చునని నమ్మువాడు కథను సగమే చదివినవాడు. వీరుని చేతిబలమును గాక, భయమును జయించిన మనస్సును మనము గైకొనవలెను.

అభ్యాసము:
1. నీవు చదివిన మంత్రగాని కథలో అతడు ఇతరులనుండి అపహరించిన దేమి? వీరుడు తన శ్రమచే సాధించిన దేమి?
2. నీ ప్రక్క కూర్చుండు సహాధ్యాయి ఇంట మాటలాడు భాషలో ఐదు మాటలు నేర్చుకొని, వాని యర్థములతో వ్రాయుము.