పాతకారు చట్రముపై ఫైబర్‌గ్లాసు బాడీని అమర్చు విధము



ట్రాక్టరులును ట్రైలరులును మన పల్లెలకు వచ్చిన పిదప, చట్రమునకును దానిపై నిలుచు బాడీకిని గల సంబంధమును ఎఱుగుట మనకు అవసరమైనది. ఈ సంబంధమును తేటతెల్లముగా చూపు పని యొకటి అమెరికాలో కలదు. దానినే యీ నెల పాఠముగా గైకొనుచున్నాము.

ఫోర్డు కంపెనీవారు 1932వ సంవత్సరమున ఎనిమిది సిలిండర్లు, 65 అశ్వబలము గల యింజనుతో చౌకకారు నొకదానిని విడుదల చేసిరి. కాలిఫోర్నియా యువకులు పాత ఫోర్డు కార్లను కొని, బరువు తగ్గించి, యింజను బలమును పెంచి, ఎండిన సరస్సుల మైదానములలో వేగముగా నడిపెడివారు. అట్టి బండ్లకు హాట్ రాడ్లని పేరు. కాలక్రమమున ఉక్కుఱేకు బాడీలు త్రుప్పుపట్టి అరుదయ్యెను. అందుచే గాజునారను రెజినుతో తడిపి, అచ్చులో పఱచి, అదే ఆకృతిగల బాడీలను చేయుచున్నారు.

ఇవి తేలికైనవి, త్రుప్పుపట్టనివి. కాని ఉక్కుఱేకు కొంత వంగి సర్దుకొనును. ఫైబర్‌గ్లాసు అట్లు సర్దుకొనదు. బలవంతముగా బిగించినచో నాటికి ఓర్చినట్లే కనుపించి, తరువాత కుదుపులకు బోల్టులచెంత బీటలువాఱును.

కావున మొదట చట్రమును పరీక్షింపవలయును. దానిని సమమట్టముగా నిలిపి, ఇంటికి పునాది గుర్తించునపుడు మేస్త్రీ చేయునట్లు, మూలనుండి ఎదుటిమూలకు రెండు వైపులను కొలువవలయును. రెండు కొలతలును సమానము కానిచో చట్రము వంకరగా నున్నదన్నమాట. దానిని సరిచేయకుండ ముందునకు పోరాదు. యింజను బరువు పడిన పిమ్మట కొలుచుట మేలు.

పిదప రబ్బరు మెత్తలు పఱచి, బోల్టులు లేకుండ బాడీని మెల్లగా దింపవలయును. ఎచ్చట ఆనుచున్నదో, ఎచ్చట సందున్నదో చూచి, సందులలో పలుచని లోహపు బిళ్లలు పెట్టవలయును. తలుపులను మడతబందులతో తగిలించి, మూసి, చుట్టును సందు సమముగా నున్నదా యని చూడవలయును. తలుపు ప్రక్కనున్న నిలువు క్రింద బిళ్ల చేర్చినను తీసినను సందు మాఱును. తలుపు తనంతట చక్కగా పడిన పిమ్మటనే రంధ్రములు వేయవలయును. బోల్టు క్రింద వెడల్పైన ఉక్కుబిళ్ల నుంచినచో ఒత్తిడి ఒక్కచోట పడదు. మితిమీఱి బిగింపరాదు.

మూడు జాగ్రత్తలు మఱువరాదు. ఒకటి: కూర్చుండువారి రక్షణపట్టీలను ఉక్కు చట్రమునకే కట్టవలయును, ఒట్టి ఫైబర్‌గ్లాసునకు బిగించినచో ప్రమాదసమయమున ఊడివచ్చి ప్రాణహాని కలుగవచ్చును. రెండు: ఫైబర్‌గ్లాసులో విద్యుత్తు ప్రవహింపదు. కనుక ప్రతి దీపమునుండి చట్రమునకు వేఱుగా తిరుగుతీగ వేయవలయును. మూడు: దీనిని కోయునపుడును అరగదీయునపుడును లేచు ధూళి ఊపిరితిత్తులకు హానికరము; ముక్కునకును నోటికిని తగిన ముసుగు ధరింపవలయును.

మన ట్రైలరు చట్రమునకు పలకలు బిగించునపుడును ఈ న్యాయమే వర్తించును. పలక ఆననిచోట బోల్టుతో క్రిందికి లాగక, సందునకు తగిన ముక్కను పెట్టుడు. బోల్టు పని పట్టియుంచుటయే గాని, వంకర తీర్చుట కాదు.