అందరూ కలిసి గీసే బొమ్మలు

ప్రాజెక్టు డాక్యుమెంట్లు రాయడమంటే మనలో చాలామందికి విసుగే. కానీ కువైట్‌లో ఉండి హైదరాబాదు టీముతో పనిచేసే నాలాంటి వాళ్ళకి అవి లేకుండా గడవదు. ఇక్కడ 2007 నుంచి వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. అక్కడ సాఫ్ట్‌వేర్ ఆఫీసులకి శని, ఆదివారాలు. రెండు చోట్లా ఆఫీసు ఉండేది వారానికి నాలుగు రోజులే. పైగా రెండున్నర గంటల తేడా. ఆదివారం సందేహం వస్తే జవాబు చెప్పాల్సింది డాక్యుమెంటే. అందులోనూ పది పేజీల కన్నా ఒక మంచి బొమ్మ త్వరగా చెబుతుంది.

అయితే ఆ బొమ్మ ఈమెయిల్లో తిరిగితే నాలుగు కాపీలై, ఏది సరైనదో తెలియకుండా పోతుంది. దీనికి రెండు మార్గాలున్నాయి.

మొదటిది, కలిసి గీయడం

లూసిడ్‌చార్ట్, డ్రా.ఐఓ లాంటివి బ్రౌజర్లోనే పనిచేస్తాయి. ఒకే బొమ్మని ఇద్దరు ముగ్గురు తెరిచి దిద్దవచ్చు. డ్రా.ఐఓ ఉచితం, ఫైలు ఎక్కడ దాచాలో మనమే చెప్పవచ్చు. క్లయింటు బ్యాంకు లాంటి సంస్థ అయితే ఇది ముఖ్యం. వాళ్ళ నెట్‌వర్కు బొమ్మని బయటి సర్వర్లో పెట్టే ముందు అనుమతి అడగండి.

రెండోది, రాసి గీయించడం

ప్లాంట్‌యూఎమ్ఎల్ 2009లో, మెర్మెయిడ్ 2014లో వచ్చాయి. వీటిలో మౌసుతో గీసే పని లేదు. ప్లాంట్‌యూఎమ్ఎల్‌లో ఇలా రాస్తే చాలు:

"కౌంటర్" -> "సర్వర్" : బిల్లు పంపు
"సర్వర్" --> "కౌంటర్" : రసీదు

డబ్బాలు, బాణాలు అదే గీస్తుంది. ఇది మామూలు టెక్స్టు కాబట్టి కోడు పక్కనే గిట్‌లో ఉంచవచ్చు. ఏ గీతని ఎవరు, ఎప్పుడు మార్చారో తెలుస్తుంది. 2022 నుంచి గిట్‌హబ్ మెర్మెయిడ్ బొమ్మల్ని నేరుగా చూపిస్తోంది. ఒక చిక్కు మాత్రం ఉంది. డబ్బాలు ఎక్కడ పెట్టాలో చాలావరకు అదే నిర్ణయిస్తుంది. బొమ్మ పెద్దదైతే గీతలు చిక్కుపడతాయి. అప్పుడు రెండు మూడు బొమ్మలుగా విడదీయడమే మేలు.

ఏది ఎప్పుడు?

మీటింగులో ఆలోచన తేల్చుకోవడానికి మొదటిది, పదికాలాలు నిలవాల్సినదానికి రెండోది అని నా సలహా. గల్ఫ్‌లో కాంట్రాక్టు ముగిసి ఒకరు వెళ్ళిపోతే, ఆయన తలలో ఉన్న సిస్టమ్ కూడా ఆయనతో పాటే విమానం ఎక్కుతుంది. తర్వాత వచ్చినవాడికి మిగిలేది ఈ బొమ్మలే. కోడు మారినప్పుడు బొమ్మా అదే మార్పుతో రావాలని, రాకపోతే రివ్యూలో ఆపాలని టీములో ఒక నియమం పెట్టుకోండి. పాతబడిన బొమ్మ అసలు లేనిదానికన్నా ప్రమాదం. చదివేవాడు దాన్ని నమ్ముతాడు.